ఆ నోటీసు టైప్ చేసింది నేనే: మా హైస్కూలు పెద్దలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, బడి యాజమాన్య కమిటీ పెద్దలకు, మండల విద్యాధికారి గారికి నమస్కారాలు.

మన జిల్లా పరిషత్ హైస్కూలు గేటుకు మొన్న అంటించిన నోటీసు టైప్ చేసింది నేనే. బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్, నెట్ సెంటర్ నాది. ఎర్రటి ఎండలో మీ అటెండరు చేతిరాత కాగితం తెచ్చి ఇచ్చాడు. షాపులో గిరాకీ ఉంది, కరెంటు పోతూ వస్తూ ఉంది. చదవకుండానే కొట్టేశాను. మా పని అంతే సార్, వేళ్లు అక్షరాల మీద ఉంటాయి, ధ్యాస ఇంకెక్కడో ఉంటుంది. 'స్తానికులు' అని రాసి ఉంటే 'స్థానికులు' అని దిద్దాను కూడా. మూడు కాపీలు తీసి, నలభై రూపాయలు తీసుకుని, రశీదు రాసిచ్చాను.

రాత్రి షట్టర్ దించే ముందు కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఇంకా తెరిచే ఉంది. మా చిన్నమ్మాయి ఐదో తరగతి అయిపోయింది, జూన్‌లో ఆరులో చేర్పించాలి. సరే చూద్దామని అప్పుడు చదివాను. చదివితే తెలిసింది, మా పాప స్థానికురాలు కాదట.

మా అద్దె ఇల్లు బడికి ఎంత దూరమంటే, పొద్దున ప్రార్థన మొదలైతే మా డాబా మీద బట్టలారేస్తున్న నా భార్య అక్కడే నిలబడిపోతుంది. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. కానీ నా ఆధార్, రేషన్ కార్డు మా సొంతూరి అడ్రసు మీద ఉన్నాయి. ఊరు ఇక్కడికి ఏడు కిలోమీటర్లు. అమ్మానాన్న అక్కడే ఉన్నారు, రేషన్ బియ్యం వాళ్లే తెచ్చుకుంటారు, అందుకే మార్చలేదు. ఇంత చిన్న సంగతికి నా కూతురు తన ఇంటి పక్క బడిలో 'బయటి ఊరి విద్యార్థి' అయిపోయింది.

నోటీసు చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. బడి మూసి ఉన్న వేసవి సెలవుల్లో గేటుకు అంటిస్తే ఎవరు చూస్తారు? వాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను. ఈ సంవత్సరం నుంచి ఆరో తరగతిలో ఎనభై మందినే తీసుకుంటారు. మన గ్రామ పంచాయతీలో ఉండేవాళ్లకు మొదటి ప్రాధాన్యం. అందుకు రుజువుగా తల్లిదండ్రుల ఆధార్‌లో, రేషన్ కార్డులో, రెండింటిలోనూ ఇక్కడి అడ్రసే ఉండాలి. సీట్లు మిగిలితే బయటి ఊళ్ల పిల్లలకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కల్లో యాభై మార్కుల పరీక్ష పెడతారు. జూన్ 3 సాయంత్రం ఐదు దాటితే దరఖాస్తు తీసుకోరు. టీసీ లేకపోతే అసలు ఫారమే ఇవ్వరు. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరాలంటే ఎనిమిదిలో అరవై శాతం మార్కులు ఉండాలి. (అక్షరాలు చిన్నవి చేసింది కూడా నేనే. పేజీలో పట్టలేదు.)

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మీ కష్టం ఉత్తిది కాదు. పోయినేడు ఆరో తరగతి గదిలో పిల్లలు బెంచీకి ఐదుగురు కూర్చున్నారు, చివరి బెంచీ వెనక ఇంకొందరు కింద కూర్చున్నారు. పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు నేనే చూశాను. లెక్కల సారు బదిలీ అయి వెళ్లాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఇంటర్వెల్‌లో ఆడపిల్లల బాత్రూముల ముందు లైను ఉంటుంది. పదో తరగతి ఫలితాలు బాగా రావడంతో, ప్రైవేటు స్కూళ్లలో ఫీజులు కట్టలేక విసిగిపోయినవాళ్లు మన బడి వైపు చూడటం మొదలుపెట్టారు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. ఇదంతా మీరు కష్టపడి తెచ్చుకున్న పేరే. పేరు వస్తే జనం వస్తారు, జనం వస్తే బెంచీలు చాలవు. దాని మీద నాకేం గొడవ లేదు. బెంచీలు చాలనప్పుడు ఎవరిని బయట నిలబెట్టాలని మీరు నిర్ణయించారో, గొడవ దాని మీదే.

ఈ నోటీసుతో ఎక్కువ నష్టపోయేది నేను కాదు. నేను తల్చుకుంటే పది రోజుల్లో అడ్రసు మార్పించుకోగలను. నెట్ సెంటర్ నాదే, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. నా గోడు వినిపించుకోవడానికే అయితే ఇంత పెద్ద ఉత్తరం అక్కర్లేదు, మీ ఆఫీసు గదికి వచ్చి ఒక మాట చెప్పుకునేవాణ్ని.

మన ఊరి చుట్టూ ఉన్న మూడు తండాల సంగతి చూడండి. అందులో రెండు బడికి మూడు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. 2018 దాకా ఆ మూడూ మన గ్రామ పంచాయతీలోనివే. ఓట్లు ఇక్కడే వేసేవాళ్లు, ఇంటి పన్ను ఇక్కడే కట్టేవాళ్లు. ఆ ఏడు కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి, 500 జనాభా దాటిన తండాలన్నీ వేరే పంచాయతీలయ్యాయి. 'మా తండాలో మా రాజ్యం' అని డప్పులు కొట్టి, రంగులు చల్లుకుని వాళ్లు చేసుకున్న పండగ నాకింకా గుర్తుంది. ఆ రోజు ఫ్లెక్సీ డిజైన్ చేసింది కూడా నేనే. ఇప్పుడు ఆ పంచాయతీ బోర్డే వాళ్ల పిల్లలకు అడ్డు గోడ అయింది. తండా ఉన్నచోటే ఉంది, బడి ఉన్నచోటే ఉంది, మధ్యలో బండ్ల బాట కూడా అదే. కాగితం మీద గీత ఒక్కటి మారింది, ఆ గీత చూపించి మీరు పిల్లల్ని పొమ్మంటున్నారు.

తూర్పు వైపు వాగు అవతలి ఊరిదీ ఇదే కథ. 2016 అక్టోబరులో పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు, కొత్త మండలాలు చేసినప్పుడు ఆ ఊరు వేరే మండలంలోకి పోయింది. పింఛను పని పడితే వాళ్లు పదిహేను కిలోమీటర్లు వెళ్తారు. పిల్లల్ని మాత్రం వాగు దాటించి మన బడికే పంపుతారు. వానాకాలంలో వాగొస్తే తండ్రులు భుజాల మీద ఎక్కించుకుని దాటించడం మీరూ చూశారు. ఆ పిల్లలు ఇంకో బడికి ఎందుకు పోవాలో, అసలు ఆ ఇంకో బడి ఎక్కడుందో నోటీసులో రాయలేదు.

నోటీసు పెట్టిన మూడో రోజు ఒక తల్లి షాపుకు వచ్చింది. కాగితాలన్నీ బట్టల షాపు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, మళ్లీ కొంగులో కట్టుకుని తెచ్చింది. పక్కన కూతురు, నూనె రాసి రెండు జడలు వేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది. చెప్పు తెగిందట. ఆ పిల్ల ఆధార్ తీసి చూస్తే పేరు కింద మరాఠీ అక్షరాలున్నాయి. అడ్రసు భివండీలో ఏదో వర్క్‌షాపు వెనక గల్లీ. బొంబాయి పనికి పోయినప్పుడు అక్కడే ఎవరో క్యాంపు పెడితే తీయించారు. తల్లి ఆధార్ తండా పేరు మీద ఉంది. రేషన్ కార్డేమో అత్తగారి కార్డులోనే కలిసి ఉంది, ఆ అత్తగారు నిరుడు పోయింది.

"ఏంది అన్నా, ఇవన్నీ ఉంటేనే సదువు చెప్తరా? మా పెద్ద పొల్ల గీ బడిలనే పది పాసయింది కదా" అని అడిగింది.

నేను ఏం చెప్పను సార్? తొమ్మిది కాగితాలు జిరాక్స్ తీసి ఇచ్చాను. పద్దెనిమిది రూపాయలు అయ్యాయి. తీసుకోలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, సిగ్గేసి తీసుకోలేదు. ఎందుకంటే ఆ తల్లిని నా షాపు మెట్లెక్కించిన నోటీసు నేను కొట్టిందే.

ఈ పదిహేను రోజుల్లో నా షాపుకు గిరాకీ రెండింతలైంది. ఆధార్ కార్డు ముందూ వెనకా, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, నివాసం సర్టిఫికెట్ కోసం మీసేవ దరఖాస్తు, పాస్‌పోర్టు ఫోటోలు. పొద్దున ఆరింటికే ఆధార్ సెంటర్ ముందు చెప్పులు వరసలో పెట్టి జనం చెట్టు కింద కూర్చుంటున్నారు. నాకు నాలుగు రూపాయలు వస్తున్న మాట నిజమే. ఇలా వచ్చే రూపాయలు నాకొద్దు.

ఇక గడువు సంగతి. పాలమూరులో ఏ ఇంటి తలుపు తట్టినా వలస కథ ఒకటి వినిపిస్తుంది. దసరా, దీపావళి దాటాక గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కిస్తాడు. ముంబై, పూణె, హైదరాబాద్, ఎక్కడ కాంక్రీటు పని ఉంటే అక్కడికి పోతారు. తొలకరి పడితే విత్తనాలు వేసుకోవడానికి తిరిగొస్తారు. ఆ తొలకరి ఎప్పుడు పడుతుందో వాళ్లకూ తెలియదు, మేస్త్రీ ఎప్పుడు వదులుతాడో అంతకన్నా తెలియదు. అలాంటివాళ్లకు జూన్ 3 సాయంత్రం ఐదు గంటలు అంటే ఏం అర్థమవుతుంది? వాళ్లు ఊళ్లో దిగేసరికి మీ తలుపు మూసేసి ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అన్నింటికన్నా కింద ఉన్నది మన మహబూబ్‌నగర్ జిల్లా. 55 శాతం. దాని వెనక ఉన్న కారణాల్లో ఈ లారీ ఒకటి. ఇలాంటి జిల్లాలో బడికి రావడానికి ఆఖరు తేదీ పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్లు ఒక్కసారి ఏప్రిల్‌లో తండాకు వెళ్లి ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో లెక్కపెట్టి వస్తే బాగుండేది.

ఇంకో విచిత్రం. జూన్ వస్తే బడిబాట పేరుతో ఇంటింటికీ తిరిగి "మీ పిల్లల్ని సర్కారు బడికి పంపండి" అని కరపత్రాలు పంచేది మీరే. పోయినేడు ఆ కరపత్రాలు కూడా నా దగ్గరే జిరాక్స్ తీయించారు. ఈ ఏడు కూడా తీయిస్తారా? తండాకు వెళ్లి ఏమని చెబుతారు?

పరీక్ష గురించి మీరు చెప్పే కారణం నా చెవిన పడింది. "గురుకులాలకు పరీక్ష లేదా, మోడల్ స్కూలుకు లేదా, నవోదయకు లేదా, మనం పెడితే తప్పేంటి?" అని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నారట. ఉన్నాయి, నిజమే. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మన పక్క అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిన నాటి నుంచి అదొక దారి. చురుకైన పల్లెటూరి పిల్లల్ని ఏరి, తిండీ బట్టా ఇచ్చి చదివించడం. మంచి దారే, ఎంతోమంది పైకొచ్చారు. కానీ ఆ దారి ఎంత వెడల్పు? వట్టెం నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. గురుకులాలు ఐదో తరగతికే పరీక్ష పెట్టి తీసుకుంటాయి. మోడల్ స్కూలు తన పరీక్ష తను పెట్టుకుంటుంది. అలా మూడు జల్లెళ్లు పట్టాక మిగిలిన పిల్లలే మన జిల్లా పరిషత్ బడికి వస్తారు. మీరు నాలుగో జల్లెడ పడితే అందులోంచి కింద పడినవాళ్లు ఎక్కడికి పోవాలి సార్? వాళ్ల కోసం ఇంకో సర్కారు ఇంకో బడి కట్టి పెట్టలేదు. గొర్రెల దగ్గరికి పోతారు, పత్తి చేలకు పోతారు, లేకపోతే మళ్లీ ఆ లారీయే.

తండా పిల్లలు చదివేది ఒకే ఒక్క టీచరుండే బళ్లలో. ఐదు తరగతులకూ ఆ ఒక్క మేడమే. ఆమె మీటింగుకు పోతే బడికి తాళం. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడికి వచ్చాకే తెలుగు నేర్చుకుంటారు. అలాంటి పిల్ల ఇంగ్లిష్‌లో ఖాళీలు పూరించలేదని పంపించేస్తే, ఆ పిల్లను పరీక్షించినట్టా, ఆ బడికి రెండో టీచరును ఇవ్వనివాళ్లను పరీక్షించినట్టా?

పరీక్ష అనగానే ఏం జరుగుతుందో కూడా చూశాను. నోటీసు వచ్చిన వారానికే ఒక ట్యూషన్ వాళ్లు నా దగ్గరకు వచ్చి 'హైస్కూలు ఎంట్రన్స్‌కు పది రోజుల ప్రత్యేక శిక్షణ' అని పాంప్లెట్ కొట్టమన్నారు. రెండు వందల కాపీలు అడిగారు. ఫీజు ఎనిమిది వందలు. ఎంట్రన్స్ పరీక్షకు కోచింగ్, అదీ సర్కారు బడిలో ఆరో తరగతికి! ఈసారి మాత్రం చదివాను. ప్రింటరు రిపేరులో ఉందని చెప్పి పంపేశాను. వాళ్లు పక్క సెంటర్‌లో కొట్టించుకుని ఉంటారు, అది వేరే సంగతి.

చట్టం గురించి మీకు చెప్పేంతవాణ్ని కాదు. కానీ టెట్‌కూ, డీఎస్సీకీ చదువుకునే పిల్లలు విద్యాహక్కు చట్టం నోట్సు నా దగ్గరే జిరాక్స్ తీయించుకుంటారు. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చినవాళ్లలోనూ నా దగ్గర కాగితాలు తీయించుకున్నవాళ్లు ఉన్నారు. ఈసారి ఒక సెట్టు నా కోసం తీసుకుని చదివాను. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. పదమూడో సెక్షన్ ప్రకారం పిల్లల్ని చేర్చుకునేటప్పుడు వడపోత పెట్టకూడదు. పెడితే మొదటిసారికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. ప్రత్యేక కోవకు చెందిన నవోదయలాంటి బళ్లకు మినహాయింపు ఇచ్చారు, మన బడి ఆ కోవలోకి రాదు. ఐదో సెక్షన్‌లో టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని ఉంది. పద్నాలుగులో వయసు రుజువు లేదని కాదనకూడదని ఉంది. పదిహేనులో గడువు దాటి వచ్చినా చేర్చుకోవాలని ఉంది. మన రాష్ట్ర నిబంధనల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్లను 'సమీప బడి'గా లెక్క కట్టారు. పంచాయతీ హద్దు అన్న మాటే అందులో లేదు. ఆధార్ సంగతి 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టే తేల్చేసింది, బడిలో చేరడానికి దాన్ని తప్పనిసరి చేయకూడదని.

టీసీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ప్రైవేటు స్కూల్లో ఫీజు బాకీ ఉంటే వాళ్లు టీసీ ఇవ్వరు. మన మండలంలో ఇది తెలియని తల్లిదండ్రులు లేరు. బాకీ కట్టలేకే కదా సర్కారు బడికి వస్తున్నారు. టీసీ లేకపోతే ఫారం ఇవ్వమని మీరంటే, ఆ ప్రైవేటువాళ్ల బాకీలు మీరు వసూలు చేసి పెడుతున్నట్టే.

మీరు అనొచ్చు, అదే చట్టంలో ఒక టీచరుకు 35 మంది పిల్లలే అని కూడా ఉంది కదా, మేం ఎనభైకి ఆపింది అందుకే కదా అని. ఉంది. కానీ ఆ మాట పిల్లల్ని బయటికి పంపడానికి రాసింది కాదు, టీచర్లను లోపలికి పంపించమని పైవాళ్లకు రాసింది. నూట ఇరవై మంది పిల్లలుంటే నలుగురు టీచర్లను అడగడానికి మీ చేతికి ఇచ్చిన కాగితం అది. దాన్ని తిప్పి తండా పిల్లల ముందు పెట్టారు.

మన ఊళ్లో కొందరు తల్లిదండ్రులు ఈ నోటీసుకు సంతోషపడుతున్నారని కూడా తెలుసు. వాళ్లలో నా స్నేహితులున్నారు. "బయటివాళ్లు వచ్చి మన పిల్లలకు చోటు లేకుండా చేస్తున్నారు" అని చాయ్ హోటల్ దగ్గర నాతోనే అన్నారు. వాళ్ల బాధా నిజమే. నేల మీద కూర్చున్నవాళ్లలో వాళ్ల పిల్లలూ ఉన్నారు. కానీ ఆ బడి కాంపౌండు గోడ కట్టినప్పుడు చందా ఇక్కడివాళ్లే ఇచ్చారా? నేను అప్పుడు ఏడో తరగతి. మా నాన్న ఎడ్లబండి మీద రాయి తోలాడు, మూడు రోజులు, కూలీ లేకుండా. తండావాళ్లు ఇసుక మోశారు. అప్పుడు ఎవరూ ఆధార్ అడగలేదు. (అప్పుడు ఆధార్ లేదనుకోండి.)

నన్ను ఆ బడిలో చేర్పించిన రోజు కూడా బాగా గుర్తు. మా నాన్న తువ్వాల భుజాన వేసుకుని నిలబడ్డాడు. పెద్ద సారు రిజిస్టరు తెరిచి "ఎప్పుడు పుట్టిండు?" అని అడిగాడు. "చెరువు అలుగు పోసిన ఏడు సార్" అన్నాడు మా నాన్న. సారు ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వి, జూన్ నెలలో ఒక తేదీ వేసేశాడు. మా క్లాసులో సగం మంది పుట్టింది జూన్‌లోనే. అంతే, ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. మా నాన్న నిశాని, వేలిముద్రే. ఆ రోజు ఏడు కిలోమీటర్ల అవతలి అడ్రసు రుజువు అడిగి ఉంటే ఆయన నన్ను వెనక్కి తీసుకుపోయి ఎడ్ల దగ్గర కట్టేసేవాడు. ఇవాళ మీ నోటీసు టైప్ చేయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

ఇంకొక్కటి, తొమ్మిదో తరగతి అరవై శాతం మాట. పద్నాలుగేళ్లు దాటాక ఆ చట్టం వర్తించదు అని మీరంటే నా దగ్గర సెక్షన్ నంబరుతో జవాబు లేదు. కానీ అది ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. పదో తరగతిలో నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ వేయాలని మీ మీద పైనుంచి ఒత్తిడి ఉంది. కలెక్టర్ గారి మీటింగులో ఏ బడి ఎంత శాతమో చదువుతారు, తగ్గితే లేపి నిలబెడతారు. ఆ టెన్షన్ మీకు మామూలుది కాదు. అయితే వెనకబడ్డ పిల్లను తొమ్మిదిలోనే రానివ్వకుండా సాధించిన నూరు శాతంలో మీ చదువు ఎంత, ఆ పిల్ల రాకపోవడం ఎంత? పక్క ఊళ్లో ఎనిమిదో తరగతి దాకానే బడి ఉంది. అక్కడ ఎనిమిది అయిపోయిన ఆడపిల్లకు మీ గేటు మూసేస్తే ఆ తర్వాతి హైస్కూలు పన్నెండు కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీయే గానీ, ఆ ఊరికి బస్సు పొద్దున పదిన్నరకు వస్తుంది. ఆ పిల్ల ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధాలు రావడం ఎంతసేపు? పోయినేడు అలాంటి ఒక పెళ్లిపత్రిక నా దగ్గరకే డిజైన్‌కు వచ్చింది. పిల్ల వయసు నాకు తెలుసు కాబట్టి చేయనని చెప్పాను. ఆ పెళ్లి ఆగిందో లేదో నాకు తెలియదు, పత్రిక మాత్రం ఇంకెక్కడో అచ్చయి గోడకు కనిపించింది.

ఇప్పుడు మేం అడిగేది. 'మేం' అంటే నేను, మూడు తండాల తల్లిదండ్రులు, వాగు అవతలి ఊరివాళ్లు, మన ఊళ్లోనూ కొంతమంది. సంతకాల కాగితం ఈ లేఖతో పాటే ఇస్తున్నాం. అందులో సగం వేలిముద్రలు, ఏమీ అనుకోకండి.

నోటీసు వెనక్కి తీసుకోండి. జూన్ 12న బడి తెరిచినప్పుడు ఎవరు వస్తే వాళ్లను ఆరులో రాసుకోండి, కాగితాలు తర్వాత నెమ్మదిగా తెచ్చుకుంటారు. సైన్స్ ల్యాబు పక్కన రెండు గదుల్లో విరిగిన బెంచీలు, పాత ఎన్నికల సామాను పెట్టి తాళం వేశారు. ఆ గదులు ఖాళీ చేస్తే ఇంకో సెక్షన్ నడుస్తుంది. మోయడానికి మనుషుల్ని మేం పంపుతాం, బెంచీలకు వెల్డింగు మా వాడొకడు చేసి పెడతానన్నాడు. టీచర్ల కోసం జిల్లా విద్యాధికారికి మీరు ఉత్తరం రాస్తే దాని కింద తల్లిదండ్రుల సంతకాలు మేం పెట్టిస్తాం. అవసరమైతే మహబూబ్‌నగర్ కలెక్టరేట్‌కు, అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజున రెండు ట్రాక్టర్లలో వస్తాం. మీతో కలిసి వస్తాం, మీ మీద ఫిర్యాదుకు కాదు. చట్టం సెక్షన్లు పైన రాశాను గానీ, మా సార్ల మీద జరిమానాలు వేయించాలని ఇక్కడ ఎవరికీ లేదు. నాలో నాలుగు అక్షరాలు ఉన్నాయంటే అవి ఆ బడిలో పెట్టినవే.

ఇంకొక అభ్యంతరం కమిటీ పెద్దలకు. నోటీసులో 'యాజమాన్య కమిటీ తీర్మానం మేరకు' అని ఉంది. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలని నియమం. తండాల నుంచి కమిటీలో ఉన్న ఇద్దరు తల్లుల్ని నేను అడిగాను. ఒకామె ఉపాధి పనికి పోయిందట, మీటింగ్ ఉందని ఎవరూ చెప్పలేదట. రెండో ఆమెకు తాను కమిటీలో ఉన్నట్టే తెలియదు. ఎప్పుడో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట, అది బియ్యం కోసం అనుకుందట.

కాబట్టి మీటింగ్ మళ్లీ పెట్టండి. బుధవారం పెట్టండి. బుధవారం మన ఊరి అంగడి, తండాలవాళ్లు కూరగాయలకూ, మేకలు అమ్ముకోవడానికీ ఎలాగూ వస్తారు, కూలీ పోగొట్టుకోకుండా పదకొండింటికల్లా బడికి రాగలరు. వేపచెట్టు కింద కూర్చుందాం, మైకు అక్కర్లేదు. అక్కడ మీ ఇబ్బంది మీరు చెప్పండి, వాళ్లది వాళ్లు చెబుతారు. లంబాడీలో చెబితే తెలుగులో చెప్పడానికి మన బడిలోనే పది దాకా చదివిన వాళ్ల పిల్లలున్నారు.

ఆ తర్వాత కొత్త నోటీసు రాసి అటెండరుతో పంపించండి. టైపింగుకు డబ్బులు తీసుకోను. ఈసారి చదివి కొడతాను.

ఇట్లు,
ఆరో తరగతిలో చేరాల్సిన ఒక అమ్మాయి తండ్రి,
మన బడి పాత విద్యార్థి,
జిరాక్స్ సెంటర్, బస్టాండు ఎదురుగా